గొర్రె కంటే ముందు గడ్డి
(దొడ్డి కొమరయ్య స్మారక ఉపన్యాసం, వరంగల్)

దొడ్డి కొమరయ్యను తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా తలుచుకుంటాం. 1946 జులై 4న కడవెండిలో సాగిన ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపినప్పుడు ఆయన నేలకొరిగాడు. ఆయన కురుమ ఇంట పుట్టినవాడన్న సంగతిని పేరుతో పాటు చెప్పుకుని వదిలేస్తాం. కానీ ఆ పోరాటానికి, గొర్రెల కాపరి బతుకుకు దగ్గరి సంబంధం ఉంది. వెట్టి అంటే పొలంలో ఊరికే చేసే చాకిరీ మాత్రమే కాదు. పండుగకో, పెండ్లికో, దొర గడీకి చుట్టాలు వచ్చినప్పుడో మందలోంచి గొర్రెలను ఉచితంగా తోలివ్వడం కూడా వెట్టిలో భాగమేనని పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్ర చెబుతుంది. మంద ఎవరిది, అది మేసే నేల ఎవరిది అన్న ప్రశ్నలు కడవెండిలో 80 ఏళ్ల కిందటే లేచాయి. మొదటిదానికి జవాబు దొరికింది. రెండోదానికి ఇంకా దొరకలేదు. ఈ ఉపన్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

నా వాదన క్లుప్తంగా ముందే చెబుతాను. డబ్బు పెట్టి గొర్రెలను కొనవచ్చు; మందను కొనలేం. మంద నిలవాలంటే మేపుకునే హక్కు, రోగాన్ని ముందే పసిగట్టే నేర్పు, సరుకుకు తగిన ధర తెచ్చుకునే సంఘబలం కావాలి. ఈ మూడింటిలో మేపుకునే హక్కు మొదటిది. అది లేకుండా ఎన్ని గొర్రెలిచ్చినా అవి ఏదో ఒక దారిన సంతకు చేరతాయి. గొర్రెల పెంపకం లాభసాటిగా నడిచిన ప్రతి చోటా ముందు గడ్డి ఖాయమైంది, తర్వాత గొర్రె వచ్చింది. మన దగ్గర ఆ వరస తలకిందులైంది. మనం గొర్రెను ముందు తెచ్చి, గడ్డి సంగతి కాపరికే వదిలేశాం.

ఈ తగవు తెలుగు నేలకు కొత్తది కాదు. కాటమరాజు కథ నడిచేదంతా దీని చుట్టూనే. 13వ శతాబ్దంలో శ్రీశైలం ప్రాంతంలో వానలు కరువై, పశువుల మందలతో దక్షిణానికి దిగిన గొల్ల నాయకుడు కాటమరాజు, నెల్లూరు ఏలిక నల్లసిద్ధితో ఒప్పందం చేసుకున్నాడు. రాజ్యంలోని గడ్డి మేపుకోవాలి, అందుకు బదులుగా మందలో పుట్టిన కోడెదూడలను పుల్లరిగా ఇవ్వాలి. ఆ ఒప్పందం చెడింది. కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం జరిగింది, నెల్లూరు తరఫున పోరాడిన ఖడ్గతిక్కన అందులో చనిపోయాడు. కథలో కల్పన ఎంత, చరిత్ర ఎంత అన్నది పండితులు తేల్చవలసిన విషయం. మనకు కావలసిన విషయం స్పష్టంగానే ఉంది. వేల పశువులున్న నాయకుడు కూడా గడ్డి కోసం మరొకరి ముందు నిలబడి ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆరు వందల ఏళ్లకు పల్నాడులో బ్రిటిష్ అటవీ అధికారులు మేతకు పుల్లరి కట్టమన్నప్పుడు జనం ఎదురుతిరిగారు. 1922 ఫిబ్రవరిలో ఆ తిరుగుబాటు నాయకుడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలయ్యాడు. రాజులు మారారు, ప్రభుత్వాలు మారాయి. గడ్డి మీద పెత్తనం ఎవరిది అన్న తగవు మాత్రం మారలేదు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్లి చూద్దాం. గొర్రెల పెంపకం పెద్ద పెట్టుబడిగా మారింది 19వ శతాబ్దపు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వెళ్లి స్థిరపడినవాళ్లు అక్కడ వేల ఎకరాల గొర్రెల క్షేత్రాలు నడిపారు. వాళ్ల విజయాన్ని మెరినో జాతి గొప్పతనంగానో, వాళ్ల కష్టంగానో చెప్పుకోవడం అలవాటు. రెండూ కొంత నిజమే. కానీ 1836లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుము కడితే సర్కారు భూమిలో మందను మేపుకోవచ్చని చట్టం చేసింది. 1847లో ఆ లైసెన్సులు ఏళ్ల తరబడి సాగే కౌళ్లుగా మారాయి. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీలోనూ ఇదే పద్ధతి. తర్వాతి కాలంలో రచయితగా పేరు తెచ్చుకున్న శామ్యూల్ బట్లర్ 1860లో తండ్రి ఇచ్చిన డబ్బుతో అక్కడికి వెళ్లి, మెసొపొటేమియా అనే గొర్రెల క్షేత్రాన్ని నిలబెట్టి, 1864లో దాన్ని అమ్ముకుని పెట్టుబడిని దాదాపు రెండింతలు చేసుకుని తిరిగి వచ్చాడు. నాలుగేళ్లలో గొర్రె ఒక్కటే అంత డబ్బు తెచ్చిపెట్టలేదు. గొర్రెతో పాటు మేపుకునే హక్కు కూడా కాగితం మీద ఆస్తిగా మారింది కాబట్టే దాన్ని కొనేవాడు దొరికాడు.

ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? 1848లో కెంప్ దస్తావేజు పేరుతో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కోటి ఎకరాలకు పైగా భూమిని ఎన్‌గాయ్ తాహు అనే మావోరీ తెగ నుంచి ప్రభుత్వం 2,000 పౌండ్లకు తీసుకుంది. వాళ్లకోసం విడిచిపెడతామన్న భూములను తగినంతగా విడిచిపెట్టలేదు. 1991లో వైటాంగి ట్రిబ్యునల్ ఆ అన్యాయాన్ని నిర్ధారించింది. 1998లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి 17 కోట్ల డాలర్ల పరిహారంతో రాజీ కుదుర్చుకుంది. ఆస్ట్రేలియాలో ఆదివాసులకు ఆ పాటి దస్తావేజు కూడా లేదు. కాబట్టి వలస వచ్చినవాళ్ల గొర్రెల క్షేత్రాలను మనం ఆదర్శంగా తీసుకోలేం, తీసుకోకూడదు. అయినా వాటి లెక్క నుంచి ఒక విషయం గ్రహించాలి. ఆ ప్రభుత్వాలు గొర్రెను ఎవరికీ ఉచితంగా ఇవ్వలేదు. గడ్డిని ఇచ్చాయి, అదీ వేరేవాళ్ల గడ్డిని. గడ్డి దొరికినవాడు గొర్రెను అప్పు చేసైనా కొనుక్కున్నాడు. మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. తరతరాలుగా ఇక్కడే ఉన్న కాపరి చేతిలోంచి గడ్డి జారిపోతుంటే, ప్రభుత్వం అతనికి గొర్రెలను తెచ్చి అప్పగించింది.

ఓరుగల్లు చుట్టుపక్కల మంద ఎలా బతికిందో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడి గొల్ల కురుమల్లో చాలామందికి సొంత భూమి తక్కువ. అయినా పెద్ద మందలు నడిచాయంటే, ఏడాది పొడవునా ఇతరుల నేలను వంతులవారీగా వాడుకునే ఏర్పాటు ఊళ్లలో ఉండబట్టే. వానాకాలం చేలల్లో పంట ఉన్నప్పుడు మంద గుట్టలకు, కంచెలకు, పడావు భూములకు, అడవి అంచులకు వెళ్లేది. కోతలయ్యాక చేలల్లోకి దిగేది. చెరువు నీళ్లు తగ్గాక శిఖం భూముల్లో పచ్చిక దొరికేది. ఎండలు ముదిరితే తుమ్మకాయలు, చెట్ల కొమ్మలు ఆధారం. అదీ చాలనప్పుడు ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు, గోదావరి ఒడ్డు వైపు వలస. ఇందులో రైతుకూ లాభముంది. రాత్రిపూట పొలంలో మంద పెడితే ఎరువు దక్కేది, అందుకు రైతే కాపరికి గింజలో డబ్బులో ఇచ్చేవాడు. పట్టా కాగితాల్లో ఎక్కడా కనిపించని ఈ ఏర్పాటే మందకు అసలు పెట్టుబడి. లెక్కల్లో లేదు కాబట్టి అది కరిగిపోతున్నప్పుడు ఎవరూ నష్టం రాయలేదు.

అది కరిగిపోవడానికి ఒక్క కారణం లేదు, ఒక్క దోషీ లేడు. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన రైతులు ఇక్కడ భూములు కొని, గుంటూరుపల్లెలనే పేరుతో ఊళ్లు కట్టుకుని, పత్తినీ మిరపనూ విస్తరించారు. వాళ్లను చూసి స్థానిక రైతులూ అదే బాట పట్టారు. బోరుబావులు వచ్చాయి, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు, దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. ఒకప్పుడు వానాకాలం పంట తర్వాత ఖాళీగా ఉండే పొలంలో యాసంగి వరి పచ్చగా నిలబడింది. రైతుకు అది వరం. మందకు మాత్రం ఏడాదిలో నాలుగైదు నెలల మేత తలుపు మూసుకుపోయింది. పేదలకు ప్రభుత్వ భూములు పంచినప్పుడు ఊరుమ్మడి మేత నేలలైన బంచరాయి భూములు తగ్గాయి, అది న్యాయమైన పంపకమే. 2015లో మొదలైన హరితహారం కింద మొక్కలు నాటిన చోట్ల కంచెలు పడ్డాయి. చెట్లు పెరగడం అవసరమే. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ మంచి పనులే. అన్నీ కలిసి మంద దారిని మూసేశాయి.

మిగిలిన చేలల్లో కూడా మేత ఒకప్పటిలా నిర్భయంగా లేదు. పత్తి చేనులో చల్లే పురుగుమందుల సంగతి ప్రతి కాపరికీ తెలుసు. 2006లో వరంగల్ జిల్లా గ్రామాల్లో, ఏరిన బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని కాపరులు, స్వచ్ఛంద సంస్థలు వెల్లడించడంతో దేశమంతా చర్చ జరిగింది. బీటీ విత్తనమే కారణమన్న వాదనను కేంద్ర నియంత్రణ సంస్థ అంగీకరించలేదు. దానిపై శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. కారణం విత్తనమైనా, మందైనా, మరొకటైనా, చచ్చినవి కాపరి గొర్రెలే. చేను ఎవరిదో, మందు ఏమిటో, మేపవచ్చో లేదో అడిగి తెలుసుకునే హక్కు అతనికి ఎక్కడా రాసి లేదు. ఎదుటివాడి దయ మీద మేపేవాడు ప్రశ్న అడగలేడు.

గడ్డితో పాటు పోయిన మరో ఆదాయం ఉన్ని. దక్కన్ పీఠభూమి సొంత జాతి దక్కనీ గొర్రె. నల్లని ముతక ఉన్ని, దూరాలు నడిచే కాళ్లు, కరువుకు ఓర్చుకునే ఒళ్లు దాని సొత్తు. కురుమలు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, ఇంటిల్లిపాదీ వడికి గొంగళ్లు నేసేవాళ్లు. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లినంత పేరున్నవి. ఇవాళ కొత్తవాడ నేతగాళ్ల చేతిలో మిగిలినవి ప్రధానంగా నూలు డర్రీలు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కడం సంతోషమే, కానీ చుట్టుపక్కల మందల ఉన్నికి అందులో చోటు లేదు. గొంగడి కొనేవాళ్లు తగ్గారు, మాంసం ధర పెరిగింది. దాంతో కాపరులు ఉన్ని లేని, త్వరగా ఎదిగే నెల్లూరు జాతి వైపు మళ్లారు. వాళ్ల నిర్ణయం తెలివితక్కువది కాదు, సంత అటు తోసింది. కాకపోతే బరువైన ఆ జాతికి మేత ఎక్కువ కావాలి. మేత తగ్గుతున్న కాలంలో ఎక్కువ మేత అడిగే గొర్రె మందలోకి వచ్చింది.

2017 నాటి గొర్రెల పంపిణీ పథకం ఈ నేపథ్యంలో వచ్చింది. ఆ ఏడాది జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో అప్పటి ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర 1.25 లక్షల రూపాయలు. అందులో 75 శాతం ప్రభుత్వం భరించింది, మిగిలిన 31,250 రూపాయలు లబ్ధిదారు కట్టాల్సి ఉండేది. ప్రాథమిక గొర్రెల పెంపకందారుల సంఘాల్లో సభ్యులైన 18 ఏళ్లు నిండిన గొల్ల కురుమలను అర్హులుగా తీసుకున్నారు. గొర్రెలను ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర వంటి పొరుగు రాష్ట్రాల నుంచి కొని తేవాల్సి ఉండేది. తర్వాతి విడతలో యూనిట్ ధర 1.75 లక్షలకు, లబ్ధిదారు వాటా 43,750కి పెరిగింది. ఈ పథకంలో మెచ్చుకోవలసిన అంశాలున్నాయి. తరాలుగా ఏ ప్రభుత్వమూ పట్టించుకోని ఒక వృత్తిని బడ్జెట్‌లోకి తెచ్చింది. బీమా ఏర్పాటు చేసింది. అదే ఏడాది 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. ఇవన్నీ చేసిన పథకం గడ్డి గురించి మాత్రం దాదాపు మౌనం వహించింది.

ఇక్కడ నా వాదనకు మొదటి అభ్యంతరం వస్తుంది. 2012 పశుగణనలో తెలంగాణ గొర్రెలు 128 లక్షలు. 2019 నాటికి అవి 190 లక్షలు దాటాయి. పెరుగుదల 48 శాతానికి పైగా. గొర్రెల సంఖ్యలో రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. ఇంతకంటే రుజువు ఏం కావాలని అడుగుతారు. లెక్కను కొంచెం విప్పి చూడాలి. ఏడేళ్లలో పెరిగినవి సుమారు 62 లక్షలు. మొదటి విడతలో పంపిణీ అయిన యూనిట్లు దాదాపు 3.6 లక్షలు, అంటే 75 లక్షలకు పైగా గొర్రెలు. ఈనే వయసు ఆడ గొర్రెలే ఇందులో ఎక్కువ. అవి పిల్లలు పెట్టి ఉంటే మొత్తం పెరుగుదల పంచినదానికంటే ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంది. కొన్నింటిని కోశారు, కొన్నింటిని అమ్మారు, కొన్ని రోగాలకు పోయాయి అనుకున్నా, పంచిన గొర్రె మందగా ఎదిగిందని ఈ అంకెలు చెప్పవు. కొన్ని గొర్రెలు చేతులు మారి మళ్లీ మళ్లీ లెక్కకెక్కాయన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. 2024లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక రవాణా బిల్లుల్లో, వాహనాల నంబర్లలో, చెవి ట్యాగుల్లో లోపాలను ఎత్తిచూపింది. అదే ఏడాది ఏసీబీ కేసు నమోదు చేసి కొందరు అధికారులను అరెస్టు చేసింది. తప్పెవరిదో న్యాయస్థానాలు తేలుస్తాయి.

అయితే అవినీతి ఒక్కటే కారణమని తేల్చి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఒక్క రూపాయి దారి తప్పకపోయినా పథకానికి ఇదే చిక్కు ఎదురయ్యేది. లెక్క వేసి చూడండి. 30 కిలోల గొర్రెకు రోజుకు సుమారు ఒక కిలో ఎండు పదార్థం మేతగా కావాలి. 21 జీవాలకు ఏడాదికి ఏడున్నర టన్నులకు పైగా. పచ్చిమేత రూపంలో ఇస్తే రోజుకు దాదాపు ఒక క్వింటాలు. పిల్లలు పుట్టాక ఇంకా పెరుగుతుంది. సబ్సిడీలో గొర్రె ధర ఉండేది, రవాణా ఉండేది, బీమా ఉండేది. ఈ క్వింటాలు ఎక్కడి నుంచి వస్తుందన్న దానికి స్థిరమైన జవాబు లేకపోయింది. కొత్త వాతావరణంలోకి లారీలో దిగిన గొర్రె మొదటి నెలల్లో నీరసిస్తుంది. కడుపు నిండని గొర్రెకు నట్టలు తొందరగా పడతాయి, వానాకాలంలో నీలినాలుక తేలిగ్గా సోకుతుంది. నాలుగు చనిపోగానే మిగతావి కూడా పోతాయేమోనన్న భయంతో కాపరి అమ్మేస్తాడు. దాన్ని మోసం అనడం తేలిక. మేత లేనివాడి చేతిలో ఉన్న గొర్రెకు అమ్మకమే అతి తక్కువ నష్టమున్న దారి.

రెండో అభ్యంతరం ఆధునికులది. మందను తిప్పడం పాత పద్ధతి, కొట్టంలో కట్టి మేపితే సరిపోతుంది, నీళ్లున్న అరెకరంలో మేలు రకం నేపియర్ గడ్డి వేస్తే ఒక యూనిట్ బతుకుతుందంటారు. సాగు బాగా చేస్తే లెక్క ప్రకారం అది నిజమే. బోరు, పొలం ఉన్న రైతు ఈ పద్ధతిలో గొర్రెలు పెంచితే స్వాగతించాలి. మన ముందున్నది మాత్రం అరెకరం మాగాణి కూడా లేని కాపరి. పచ్చగడ్డి ఒక్కటే చాలదు, పప్పుజాతి మేత, దాణా కావాలి, అవన్నీ కొనాలి. తిరిగి మేసే గొర్రె ఊళ్లో ఎవరూ వాడని గడ్డిని, కొయ్యకాలును, ఆకును మాంసంగా, ఎరువుగా మారుస్తుంది. దాన్ని కట్టేస్తే ఊరికే దొరికే మేతను వదిలి, ధాన్యం పండే నేలలో మేత పండించినట్టు అవుతుంది. అడవికి మేత వల్ల నష్టం జరుగుతుందన్న మాటలో నిజముంది. మొలకలు లేచే చోట మందను కొన్నేళ్లు ఆపాలి. ఆపిన ప్రతి చోటుకూ బదులుగా మరో చోటు తెరవాలి. ఒక వైపు మూసేసి ఊరుకోవడం అడవిని కాపాడదు, కాపరిని దొంగను చేస్తుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. భూమి లేని దళితులు, ఇతర పేదలు ఎదురుచూస్తున్న చోట గొర్రెలకు నేల కేటాయించడం న్యాయమా? పట్టా రూపంలో కేటాయిస్తే న్యాయం కాదు. నేను అడుగుతున్నది వాడుక హక్కు. ఒకే నేల ఏడాదిలో వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులకు ఉపయోగపడగలదు. చెరువు శిఖం, గుట్టబోడు, కాలువ గట్టు, మొక్కలు ఎదిగిన హరితహారం తోట, కోతలైన పొలం ఇలాంటివే. ఎవరి భూమినీ లాక్కోకుండా, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఫలానా సంఘం మందలు ఇక్కడ మేయవచ్చని గ్రామసభ రాసి ఇవ్వవచ్చు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(డి)లో, స్థిరంగానో వలస వెళ్తూనో మేపుకునే హక్కును గుర్తించింది. కాకపోతే గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి అక్కడ ఉన్నట్టు రుజువు చేయాలి. కాలం బట్టి అడవికి వచ్చి పోయే కురుమకు ఆ రుజువు కష్టం. చట్టంలో ఉన్న హక్కు అతని చేతికి అందాలంటే జిల్లా యంత్రాంగం చొరవ చూపాలి.

నాలుగో అభ్యంతరం యువత నుంచి వస్తుంది. చదువుకున్న కురుమ బిడ్డను మళ్లీ గొర్రెల వెంటే తోలుతారా, ఇది కులవృత్తికి కట్టేయడం కాదా? ఈ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. కులాన్ని బట్టి ఇచ్చే పథకంలో ఆ ప్రమాదం ఉంది కూడా. వద్దనుకున్నవాడు చదువుకు, వ్యాపారానికి సాయం పొందాలి. ఉండాలనుకున్నవాడు మాత్రం నష్టంలో కొనసాగకూడదు. ఒక వృత్తిని వదిలిపెట్టే స్వేచ్ఛకు, బలవంతంగా వదులుకోవలసిన స్థితికి తేడా ఉంది. ఇవాళ చాలామంది కాపరులు రెండో స్థితిలో ఉన్నారు.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్లు ఇక్కడికి దగ్గరే ఉన్న ముల్కనూరును చూడాలి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది. ఆ తర్వాత మహిళల పొదుపు సంఘాలు బలపడ్డాయి. వాటి పునాది మీద 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మహిళల పాల ఉత్పత్తిదారుల సంఘం ఏర్పడింది. 2002లో డెయిరీ నడవడం మొదలైంది. స్వకృషి పేరుతో దాని పాలు అమ్ముడవుతాయి. వరస చూడండి. ముందు పొదుపు, తర్వాత సంఘం, ఆ తర్వాత పాల సేకరణ, వెన్న శాతాన్ని బట్టి ధర, దాణా, పశువైద్యం. బర్రె కొనుగోలుకు అప్పు ఇచ్చింది సంఘమే, తిరిగి కట్టించుకున్నదీ సంఘమే. అప్పు తెచ్చుకున్న మహిళ ఆ బర్రెను అమ్ముకుంటే నష్టపోయేది ప్రభుత్వం కాదు, పక్కింటి సభ్యురాలు. ఆ కట్టుబాటే బర్రెను కొట్టంలో నిలిపింది. డెయిరీని గొర్రెలకు యథాతథంగా వర్తింపజేయలేమన్నది నిజమే. బర్రె ఇంటి దగ్గర ఉంటుంది, వరిగడ్డి తింటుంది, రోజూ పాలిస్తుంది. గొర్రె తిరుగుతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లే డబ్బు చూపిస్తుంది. అందుకే గొర్రెల సంఘానికి ముల్కనూరు చేసిన పనులన్నిటితో పాటు అదనంగా ఒకటి కావాలి, అది రాసి ఇచ్చిన మేత హక్కు.

కాబట్టి ఈ సభ ముందు నేను ఉంచే ప్రతిపాదనలు కొన్నే. ప్రతి గ్రామంలో బంచరాయి, శిఖం, గుట్ట, కాలువ గట్టు ఎంత ఉందో, అందులో ఏ నెలలో ఎన్ని జీవాలు మేయగలవో పశుసంవర్ధక, రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి లెక్క తీయాలి. ఆ లెక్కను గ్రామసభ ఆమోదించాలి. మేత సామర్థ్యం తేలిన తర్వాతే గొర్రెల కొనుగోలుకు డబ్బు ఇవ్వాలి, అది కూడా వ్యక్తికి నేరుగా సబ్సిడీగా కాక సంఘం ద్వారా తిరిగి చెల్లించే అప్పుగా. బయటి రాష్ట్రపు గొర్రె కంటే ఇక్కడి వాతావరణానికి అలవాటుపడిన గొర్రెకు, అందులోనూ దక్కనీ జాతికి, కాపరి కోరుకుంటే ఎక్కువ సాయం ఉండాలి. నట్టల మందు, టీకాలు వానకు ముందే మందకు చేరాలి. మామునూరు పశువైద్య కళాశాల ఈ పనికి చుట్టుపక్కల మండలాలను తన ప్రయోగశాలగా తీసుకోవాలి. పత్తి, మిరప రైతులు తమ చేలల్లో ఏ మందు ఎప్పుడు చల్లారో గ్రామ పంచాయతీ బోర్డు మీద రాసే కట్టుబాటు చేసుకుంటే కాపరికి, రైతుకు తగవు తగ్గుతుంది. ఇవేవీ గొర్రెల పంపిణీకి అయినంత ఖర్చు కోరే పనులు కావు. ఓపిక కోరే పనులు.

దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన పోరాటం దున్నేవాడికే భూమి అని చాటింది. దున్నకుండా అదే నేల మీద బతికే కాపరికి ఏం హక్కు ఉండాలన్న విషయాన్ని ఆ తర్వాత వచ్చిన చట్టాలేవీ పూర్తిగా తేల్చలేదు. గొర్రెల సంఘాల ప్రతినిధులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ప్రభుత్వం మీ దగ్గరకు వస్తే, ఎన్ని గొర్రెలు ఇస్తారని అడగకండి. మా ఊరి కంచెలో, శిఖంలో, అడవి అంచులో ఏ నెలలో మేపుకునే హక్కు రాసిస్తారో అడగండి. అది చేతిలో ఉంటే గొర్రెలను మీరే కొనుక్కోగలరు.